అద్దాల పెట్టెలో కందుల బుట్ట

నా జన్మలో ఒక్కసారే శాలువా కప్పించుకున్నాను. అదీ నా భార్య సొత్తును ఆమెకు చెప్పకుండా దానమిచ్చినందుకు. అది ఆమె సొత్తని నాకు తెలిసింది నిన్న సాయంత్రం.

మాది సిర్గాపూర్ దగ్గర చిన్న పల్లె. నా పేరు కిష్టప్ప. పాతికేళ్లు హైదరాబాదులో టైల్స్ మేస్త్రీగా పనిచేశాను. వాళ్ల వీళ్ల బాత్రూముల్లో కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాక ఇంటికొచ్చి పడ్డాను. ఆ పాతికేళ్లూ మా రెండెకరాల చెలకను నా భార్య భీమమ్మే దున్నించింది, విత్తింది, కోసింది. నేను నెలకో రెండు నెలలకో వచ్చి, వండింది తిని, పంట ఎలా ఉందని అడిగి, ఆమె జవాబు పూర్తయ్యేలోపే బస్సెక్కేవాణ్ని.

ఈ వేసవిలో మా అమ్మాయి నర్మద కాన్పుకని భీమమ్మ జహీరాబాద్ వెళ్లింది. నేనొక్కణ్నే ఇంట్లో ఉన్నప్పుడు సైమన్ సార్ వచ్చాడు. ఖేడ్‌లో, అంటే నారాయణఖేడ్‌లో, చాలా ఏళ్లు పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. తన ఇంటి ముందరి రెండు గదుల్లో పల్లెల పాత సామాన్లతో మ్యూజియం పెడుతున్నానని, ఏదైనా ఇస్తే పేరు రాసి పెడతానని అన్నాడు. పేరు రాస్తాననగానే నాకు అటక గుర్తొచ్చింది. అటక మీద మా అమ్మ నాటి వెదురు బుట్ట ఉంది. ఒళ్లంతా పేడతో అలికి, మూతి కూడా పేడతోనే మెత్తేసి ఉంది.

నిరుడు భీమమ్మ నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నది. విత్తనాలన్నీ అందులోకి మార్చేసి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అయినా తెలివైనవాణ్ని కదా, బుట్టను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. గింజ చప్పుడు లేదు. విత్తనాలు తీసేశాక మిగిలిన ఒట్టి బూడిదే లోపల ఉందని తేల్చి, సార్ చేతిలో పెట్టాను. జూన్ మొదట్లో మ్యూజియం తెరిచిన రోజు నన్ను పిలిచి, శాలువా కప్పి ఫోటో తీశారు. ఆ శాలువా వేసుకునే బస్సులో ఇంటికొచ్చాను. ఉక్కకు చచ్చిపోతున్నా తీయలేదు.

భీమమ్మ జహీరాబాద్ నుంచి వచ్చి వారమైంది. ఆమె వచ్చిన మూడో రోజు ముసురు పట్టింది. నిన్న సాయంత్రం నాకు అన్నం వడ్డిస్తూ, "ముసురు జర తెరపిస్తే బుట్ట ఇప్పాలె. ఈ యాడాది నల్లకంది ఎకరం నిండ పెడ్త" అంది.

"కందులు డబ్బల ఉన్నయి గద" అన్నాను.

"డబ్బల పెసర్లున్నయి. నల్లకంది డబ్బల పెడ్తే పురుగు పడ్తది. అత్త చెప్పినట్టే బూడిదల కలిపి, గట్టిగ కుక్కి, మూతి మెత్తి పెట్టిన. ఊపినా సప్పుడు రాదు."

 నోట్లో ముద్దను మంచినీళ్లతో లోపలికి తోశాను.

ఆ నల్లకంది సంగతి చెప్పాలి. మా ఊళ్లో అందరూ పత్తికి, కొన్న విత్తనాలకు మళ్లారు. భీమమ్మ అత్త, అంటే మా అమ్మ, చనిపోయే ముందు ఆమె చేతికిచ్చిన విత్తనం అది. బోరంచలో భీమమ్మ చెల్లెలి దగ్గర కొంచెం ఉండేది. రెండేళ్ల కింద వాళ్ల ఇల్లు కురిసి అది బూజు పట్టింది. అంటే ఆ బుట్ట పోతే మాకు తెలిసినంత మేర ఇంకెక్కడా నల్లకంది లేదు. నాకు ఆరు నెలలు హైదరాబాదులో పని దొరకని ఏడు, వానలు కూడా పోయిన ఏడు, చెలకలో బతికింది అదొక్కటే. భీమమ్మ నర్మదను ఆ పప్పుతోనే సాకింది. ఆ ఆరు నెలలూ ఇంట్లో ఏం తిన్నారని నేను ఇంతవరకు అడగలేదు.

ఇవాళ పొద్దున్నే లేచి, ఖేడ్‌లో పనుందని గొడుగు అందుకున్నాను. ఆమె చూడకముందే బుట్ట తెచ్చి అటక మీద పెట్టేయాలని నా ఉపాయం.

"నేను గూడ వస్త. ముసుర్ల ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె? నీకు శాలువా కప్పిన జాగ నేను సూడనే లేదు. ఊరోళ్లందరు చెప్తుండ్రు" అంది భీమమ్మ.

"ఆడ ఏముంటది, పాత సామాన్లు" అన్నాను.

"ఇంతకు నువ్వేమిచ్చినవ్?"

"ఏదో పాతది ఇచ్చిన."

ఆమె అప్పటికే జడ వేసుకుంటోంది. పోయినేడు నర్మద పెట్టిన చీర కట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె దవాఖానకు, బ్యాంకుకు, అంగడికి తప్ప ఊరికే చూసిరావడానికని ఎక్కడికీ వెళ్లలేదు. ఆ సంతోషం చూసి నేను ఇంకా కుంగిపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కారే నీళ్లను పైటతో తుడుస్తూ, దారి పొడుగునా ఎవరి చెలకలో ఎంత నీళ్లు నిలిచాయో చెబుతూనే ఉంది. నేను ఊ కొడుతూనే ఉన్నాను.

సైమన్ సార్ ఇల్లు బస్టాండుకు దగ్గరే. చెప్పులు బయట విడవమన్నాడు. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నాడు. వాన వల్ల వేరే ఎవరూ రాలేదు కాబట్టి అన్నీ దగ్గరుండి చూపిస్తానన్నాడు. ఆయన్ను పక్కకు పిలిచి గుట్టుగా సంగతి చెప్పాలని రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ ఆయన నా భుజం తట్టి, "ఆగు కిష్టప్పా, ముందు అమ్మకు సూపియ్యనీ" అన్నాడు.

మొదటి గదిలో ఇసుర్రాయి, రోకళ్లు, గొంగళ్లు, మోట బొక్కెన. ప్రతి దానికీ ఒక అట్టముక్క మీద చక్కటి అక్షరాలతో పేరు. భీమమ్మ ఇసుర్రాయి ముందు నిలబడి నవ్వింది.

"గిది మా ఇంట్ల ఇంక ఇసురుతనే ఉన్న. దీనికి అట్ట ఎందుకు సారూ?"

"ఇప్పటి పిల్లలకు తెల్వదమ్మా."

"తెల్వకపోతే మా ఇంటికి తోలుండ్రి. రెండు సేర్లు ఇసిరిస్త, బాగ తెలుస్తది."

సార్ కూడా నవ్వాడు. ఆమె ప్రతి వస్తువునూ ముట్టుకుని చూసింది. కొడవలి పిడి వదులైందని, గొంగడికి చిమటలు పడతాయని, వేపాకు పెట్టాలని సార్‌కు చెప్పింది. ఆయన చేతిలోకి కాగితం తీసుకుని రాసుకున్నాడు. వేరే రోజైతే నా భార్యను చూసి ఛాతీ పొంగేది. ఇవాళ మాత్రం రెండో గది గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను.

రెండో గదిలో నడుమ ఒకే ఒక అద్దాల పెట్టె. మిగతావన్నీ నేల మీద, గోడలకు ఉంటే, మా బుట్టకు మాత్రం అద్దాల పెట్టె. మీద లైటు కూడా వేశాడు. పేడ పూతంతా పోయి వెదురు తళతళ మెరుస్తోంది.

"రెండు పూతలు వార్నిష్ కొట్టిన" అన్నాడు సార్. తర్వాత అట్టముక్క మీదిది గట్టిగా చదివాడు. "విత్తనాల బుట్ట. సుమారు డెబ్బై ఏళ్ల నాటిది. దాత, కిష్టప్ప."

భీమమ్మ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. 

"నువ్విచ్చినవా?" అంది నా వైపు తిరగకుండానే.

"అవు."

"లోపట ఉన్నది?"

"ఒట్టి బూడిద అనుకున్న. ఊపి సూసిన. సప్పుడు రాలే."

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. తిడుతుందని అనుకున్నాను. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. మా ఇంట్లో తిట్లకు ఎప్పుడూ కొదవ లేదు, వాటికి నేను అలవాటు పడ్డవాణ్ని. ఆమె మాట్లాడకపోవడమే నాకు అలవాటు లేదు. నాకు నిజంగా భయమేసింది.

సార్‌కు ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నేనే మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యో కిష్టప్పా. బుట్ట ఇప్పితే బూడిదల నల్లటి గింజలు కనవడ్డయి. బూడిదల ఉన్నయి, నల్లగున్నయి, ఎప్పుడో మాడిపోయినయనుకున్న. బాయి పక్కన బండ మీద కుప్ప పోసి, పైపు పెట్టి బుట్ట కడిగిన."

"నీళ్లు గింజల మీద పడ్డయా?" భీమమ్మ నేల మీది నుంచే అడిగింది.

"పడ్డయమ్మా. అన్ని తడిసినయి."

తడిసిన విత్తనం నిలవ ఉండదని నాకు కూడా తెలుసు. ఒకటి మొలవాలి, లేకపోతే కుళ్లాలి. నెల దాటింది. భీమమ్మ కళ్లు మూసుకుంది. బయట వాన తగ్గినట్టే తగ్గి మళ్లీ అందుకుంది. ఆ గదిలో నుంచి లేచి ఎక్కడికైనా పోవాలనిపించింది నాకు, కానీ ఎక్కడికి పోయినా మళ్లీ ఆమె ఉన్న ఇంటికే కదా రావాలి.

సార్ గుమ్మం దాకా వెళ్లి, బావి వైపు చూసి, వెనక్కి వచ్చాడు.

"గా దినం మా లిదియా ఈడనే ఉండె. బండ మీదికెళ్లి ఏమో ఏరి కొంగుల కట్టుకొని పోయింది. ఎన్ని ఏరిందో, ఏం జేసిందో నాకెరుక లేదు. అడుగుదాం ఉండుండ్రి."

లిదియా ఆయన కూతురు. ఖేడ్ బయట, కంగ్టి పోయే రోడ్డులో, ప్లాస్టిక్ కప్పు వేసిన పెద్ద షెడ్డులో నారు మొక్కలు పెంచి అమ్ముతుంది. సార్ మూడుసార్లు ఫోన్ చేశాడు. వానకు సిగ్నల్ లేదో, మోటారు చప్పుడులో వినపడలేదో, ఎత్తలేదు.

"పోదాం పా" అని భీమమ్మ లేచింది. ఆ మాట నాతో అన్నదో సార్‌తో అన్నదో తెలియలేదు. అయినా నేనే ముందు బయటికి ఉరికి ఆటో ఆపాను.

ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. నా మోకాలికి ఆమె మోకాలు తగలకుండా జరిగి కూర్చుంది. అంత ఇరుకులో అలా జరగడం ఎలా కుదిరిందో నాకు తెలియదు. సార్ మాత్రం దారంతా తన తప్పే తప్పని చెబుతూ వచ్చాడు. ఆయన అలా అంటున్నకొద్దీ నా తప్పు ఎంత పెద్దదో నాకే తెలిసివచ్చింది.

షెడ్డు తలుపు తోయగానే లోపల వెచ్చగా తగిలింది. బయట ముసురు, చలి. లోపల మాత్రం చినుకు కూడా లేదు. పైన ప్లాస్టిక్ మీద వాన దబదబ కొడుతోంది. ఒక వైపు గులాబీలు, బంతి, కుండీల్లో రకరకాల ఆకుల మొక్కలు. ఇంకో వైపు బల్లల మీద వరసగా నల్లటి ట్రేలు, వాటి గుంతల్లో మిరప, టమాట, వంగ నారు. అంత బాధలో కూడా భీమమ్మ నడక నెమ్మదించి, ఒక వంగ మొక్క ఆకును వేలితో తిప్పి చూసింది.

లిదియా చివర్లో నీళ్ల పైపు పట్టుకుని ఉంది. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. తండ్రి చెప్పిందంతా విని, మోటారు బంద్ చేసి వచ్చింది.

"గవి మీ కందులా పెద్దమ్మా? నాయిన మాడిపోయినయన్నడు. నేను ఒకటి కొరికి సూసిన, లోపట పచ్చగనే ఉండె. తడిసినయి గద, ఆగితే పాడైతయని దొరికినన్ని ఏరి, గా రోజే ట్రేలల్ల పెట్టిన" అంది.

"మొలిసినయా?" భీమమ్మ బల్లల వైపు చూస్తూ అడిగింది.

"మస్తు మొలిసినయి. గీ ముసుర్ల నాటుకుంటే అయిపాయె. గని ఒక్కటే పరేషాన్. బీదర్ దిక్కు కందిని నారు వోసి నాటుతరు, గట్లనే మా దగ్గర గూడ కందినారు అడుగుతుండ్రు. అందుకని కొన్న ఇత్తనం గూడ అదే వారం పెట్టిన. చీటీలు కాగితంవి, తడికి ఊడిపోయినయి. ఇగ ఏవి మీవో నాకు గుర్తు లేదు."

చివరి రెండు బల్లల నిండా కందినారు. జానెడు ఎత్తు. అన్నీ పచ్చగా, అన్నీ మూడేసి ఆకులతో, నా కంటికి అన్నీ ఒక్కటే. పాతికేళ్లలో పక్క పక్కన పెట్టిన టైల్స్‌లో వెంట్రుకవాసి రంగు తేడా ఉన్నా కనిపెట్టిన కళ్లు నావి. ఇక్కడ ఏమీ కనిపించలేదు.

భీమమ్మ మొదటి ట్రే ముందు వంగింది. ఆకుల్ని చేత్తో పక్కకు తీసి అడుగున చూసింది. "కాదు" అంది. రెండోది, కాదు. మూడోది, కాదు. నాలుగో ట్రే దగ్గర చెయ్యి ఆగింది. మొక్క మొదట్లో రెండు వేళ్లతో పట్టుకుంది. ఆమె భుజాలు కిందికి దిగడం వెనక నుంచి నాకు కనిపించింది.

"గివి మావి."

"ఎట్ల గుర్తువట్టినవు పెద్దమ్మా?" అని లిదియా అడిగింది.

"కాడ సూడు. మొదట్ల వంకాయ రంగుంటది. పూత పూసినంక గూడ పోదు."

ఒక్కొక్కటిగా పదకొండు ట్రేలు పక్కకు తీయించింది. ఎకరానికి సరిపోవు కానీ, పావెకరం నిండుతుంది, వచ్చే ఏటికి విత్తనం నిలుస్తుంది. ఆ లెక్క నాకు సార్ చెప్పాడు. నేను బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చున్నాను.  ఏడుపు వచ్చింది. పైన వాన చప్పుడుకు ఎవరికీ వినపడదని కొంచెం ఏడ్చాను కూడా.

భీమమ్మ రెండు ట్రేలు తీసి లిదియా ముందు పెట్టింది.

"గివి నువ్వు వెట్టుకో బిడ్డా. ఇత్తనమైతే దాసుకో. ఒక్క ఇంట్ల ఉంటే ఎప్పటికైన గిట్లనే అయితది."

తర్వాత నా వైపు తిరిగింది. ఇక మొదలవుతుందని లేచి నిలబడ్డాను.

"ఇటు రా."

వెళ్లాను.

"నేను జహీరాబాద్ పోతే, ఇంట్ల ఇత్తనం ఎరుకైనోళ్లు ఒక్కలు లేరు. నువ్వు చేసింది చిన్న తప్పు గాదు. దానికి ఇంటికి పోయినంక చెప్త నీ సంగతి. గని నేను గూడ నీకు ఒక్కనాడు సూపియ్యలే. ఆడోళ్ల పని, నీకెందుకని ఊకున్న. రేపు నాకేమన్న అయితే ఇది నాతోనే పోతుండె."

"గట్లనకు."

"ఎందుకనొద్దు, అంట. ఇటు సూడు. ఆకు గాదు, కాడ. మొదట్ల. కనవడ్తుందా?"

నేను ఆమె పక్కన వంగాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. మొదట ఏమీ కనిపించలేదు. ఆమె మా మొక్క ఒకటి, కొన్న మొక్క ఒకటి పక్కపక్కన పెట్టింది. అప్పుడు కనిపించింది. మట్టికి వేలెడు పైన, కాడ మీద సన్నటి వంకాయ రంగు. ఇంత చిన్న సంగతి. ఇలాంటివి తెలియకనే నేను ఇంటి కందుల్ని ఊపి చూసి బూడిదన్నాను.

సైమన్ సార్ ఫోన్ చేస్తే ఒక ట్రాలీ ఆటో వచ్చింది. తొమ్మిది ట్రేలు ఎక్కించడం మొదలుపెట్టాం. అద్దాల పెట్టెలోని బుట్టను కూడా తెచ్చిస్తానని సార్ అన్నాడు. భీమమ్మ ఒప్పుకోలేదు. "వార్నిష్ కొట్టినంక గాలి తీస్కోదు సారూ, ఇగ అది మీకే. నేను కొత్తది అల్లిపిచ్చుకుంట" అంది.

చివరి ట్రే అందుకోవడానికి లోపలికి వెళ్లాను. వట్టి చేతులతో ఉన్న ఆ ఒక్క నిమిషంలో, కొన్న విత్తనం ట్రేల వరస పక్క నుంచి నడుస్తూ, ఒక్కో మొక్క మొదలు చూస్తూ వెళ్లాను. ఎవరూ చెప్పలేదు, నాకే చూడాలనిపించింది. అన్నీ పచ్చ కాడలే. ఆరో ట్రేలో, ఒక మూల గుంతలో ఉన్న మొక్క దగ్గర ఆగాను. నా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

"భీమమ్మా, జర ఇటు రా."

ఆమె తడి కాళ్లతో వచ్చింది. లిదియా కూడా వచ్చి చూసి, "ఆఖర్న ఒకటో రెండో గింజలు మిగిలితే ఏ ట్రేల జాగుంటే ఆ ట్రేల పెట్టిన" అంది.

భీమమ్మ వంగి ఆ మొక్క మొదట్లో వేళ్లు పెట్టి చూసింది. వెలుతురు వైపు తిప్పి ఇంకోసారి చూసింది. నేను ఆమె మొహమే చూస్తూ నిలుచున్నాను. శాలువా కప్పిన రోజు కూడా నేను అంత ఆశగా ఎవరి మొహమూ చూడలేదు.

"అవు" అంది ఆమె. "మనదే."